సముద్రం అడుగున మంట వెలిగించిన ఖ్రెనోవ్: పైపు బాగవుతోంది, మరి దిగే మనిషి సంగతేంటి?

2023 అక్టోబరు 8, ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. ఫిన్లాండ్, ఎస్టోనియా దేశాల మధ్య సముద్రం అడుగున వేసిన బాల్టిక్ కనెక్టర్ గ్యాస్ పైపులైనులో ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోయింది. వాల్వులు మూసేశారు. తర్వాత వెతికితే పైపు పక్కనే ఓ పెద్ద లంగరు దొరికింది. హాంకాంగ్ జెండాతో తిరిగే న్యూన్యూ పోలార్ బేర్ అనే ఓడ ఆ లంగరును ఈడ్చుకుంటూ పోవడంతో పైపు దెబ్బతిన్నదని ఫిన్లాండ్ దర్యాప్తు అధికారులు చెప్పారు. కావాలని చేశారా, తుపానులో పొరపాటున జరిగిందా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. వార్తల్లో మనం చూసింది కూడా ఎక్కువగా ఆ వాదనే.

ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఆ పైపును మళ్ళీ బాగు చేశారు. 2024 ఏప్రిల్ 22న అందులో గ్యాస్ మళ్ళీ పారింది. అంటే ఆరున్నర నెలలు పట్టింది. అదే బాల్టిక్ సముద్రంలో 2022 సెప్టెంబరు 26న పేలుళ్ళకు గురైన నార్డ్ స్ట్రీమ్ పైపులైన్ల సంగతి వేరు. అక్కడ నాలుగు లైన్లలో మూడు దెబ్బతిన్నాయి. రాజకీయం అడ్డం రావడంతో ఏళ్ళు గడిచినా వాటికి మరమ్మతు జరగలేదు.

సముద్రం అడుగున పగిలిన పైపును అసలు ఎలా అతికిస్తారు? ఈ విద్యను కనిపెట్టింది ఎవరు? ఇవాళ ఆ పని చేయడానికి నీళ్ళలోకి దిగుతున్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలూ మనకు దూరమైనవి కావు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కడప నుంచి, నిజామాబాద్ నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ వెళ్ళిన బిడ్డలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో కొందరు పనిచేసేది చమురు, గ్యాస్ కంపెనీల కాంట్రాక్టర్ల దగ్గరే. అందుకే ఈ కథ కాస్త వివరంగా తెలుసుకుందాం.

నీళ్ళలో నిప్పు ఎలా నిలిచింది?

కాన్‌స్టాంటిన్ ఖ్రెనోవ్ 1894లో రష్యాలోని బొరోవ్‌స్క్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, మాస్కోలో వెల్డింగ్ పాఠాలు చెప్పే అధ్యాపకుడయ్యాడు. కరెంటుతో ఇనుమును కరిగించి అతికించే విద్య అప్పటికే ఉంది. దాన్ని నీళ్ళలో కూడా చేయగలమా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. మునిగిన ఓడను పైకి తేవాలన్నా, ఓడ అడుగున పడిన చిల్లు పూడ్చాలన్నా, వంతెన స్తంభాలు బాగు చేయాలన్నా అప్పట్లో పెద్ద తతంగం ఉండేది. ఓడను ఒడ్డుకు లాగి నీళ్ళు లేని డాక్‌లోకి ఎక్కించాలి. దానికి డబ్బూ కావాలి, రోజులూ కావాలి.

1932లో ఖ్రెనోవ్ తన పద్ధతిని ముందు ప్రయోగశాలలో నీళ్ళ తొట్టిలో, తర్వాత నల్ల సముద్రంలో పరీక్షించి చూపించాడు. నీళ్ళ కింద ఆర్క్ వెల్డింగ్‌ను పనికొచ్చే పద్ధతిగా మార్చిన ఘనత ప్రపంచం ఆయనకే ఇస్తుంది.

ఇదెలా సాధ్యమైందో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. రొట్టెల పెనం బాగా కాలిందో లేదో చూడటానికి అమ్మీ దానిమీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తుంది. పెనం ఎర్రగా కాలి ఉంటే చుక్క వెంటనే ఆరిపోదు, గుండ్రంగా అటూ ఇటూ ఉరుకుతుంది. చుక్కకూ పెనానికీ మధ్య ఆవిరి పొర ఏర్పడటమే దానికి కారణం. నీళ్ళలో వెల్డింగ్ చేసేటప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఆర్క్ వేడి వేల డిగ్రీలు ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్ళు క్షణంలో ఆవిరై, ఆ మంట చుట్టూ ఓ బుడగ కడతాయి. ఆ బుడగ లోపల కాసేపు నీళ్ళుండవు. లోహం అక్కడ కరిగి అతుక్కుంటుంది. ఈ బుడగ చెదరకుండా నిలవాలంటే ఎలక్ట్రోడ్ మీది పూత నీళ్ళలో నానకూడదు. నీళ్ళు తగలని పూత వేసిన ఎలక్ట్రోడ్లు వాడటం ఖ్రెనోవ్ పద్ధతిలో అసలు కీలకం.

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ దేశంలో దెబ్బతిన్న ఓడలకూ, వంతెనలకూ ఈ విద్య బాగా అక్కరకొచ్చింది. 1946లో ఖ్రెనోవ్‌కు స్టాలిన్ బహుమతి దక్కింది. ఆ తర్వాతి జీవితమంతా ఆయన కీవ్‌లోనే పరిశోధనలు చేస్తూ గడిపి, 1984లో అక్కడే కన్నుమూశాడు. కీవ్‌లోని పాటన్ వెల్డింగ్ సంస్థ ఈ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. 1960ల చివర్లో, చేతిలో పట్టుకునే పుల్లకు బదులు మధ్యలో పొడి నింపిన తీగతో నీళ్ళలో వెల్డింగ్ చేసే పద్ధతిని తయారు చేసింది. ఇటు హాలెండ్‌లో వాన్ డెర్ విల్లిగెన్ అనే నిపుణుడు 1946 ప్రాంతంలో మెరుగైన వాటర్‌ప్రూఫ్ ఎలక్ట్రోడ్లను తెచ్చాడు. ఒక మనిషి మొదలుపెట్టిన పని అలా చాలామంది చేతుల మీదుగా పెరిగింది.

తడి అతుకు గ్యాస్ పైపుకు ఎందుకు చాలదు?

కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును నీళ్ళలో ముంచితే ఏమవుతుంది? గట్టిపడుతుంది, దాంతోపాటు పెళుసుగానూ అవుతుంది. నీళ్ళలో వేసిన అతుకుకీ ఇదే సమస్య. బుడగ పక్కకు జరగ్గానే చుట్టూ ఉన్న చల్లటి నీళ్ళు ఆ లోహాన్ని ఒక్కసారిగా చల్లార్చేస్తాయి. దానికితోడు నీళ్ళు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. అది లోహంలోకి చొరబడి తర్వాత పగుళ్ళు తెస్తుంది. ఓడ అడుగున తాత్కాలిక మాటు వేయడానికి ఇది చాలు. లోపల గట్టి ఒత్తిడితో గ్యాస్ పారే పైపుకు మాత్రం ఇలాంటి అతుకును నమ్మలేం.

అందుకే ఆ తర్వాతి తరం ఇంజినీర్లు ఇంకో దారి పట్టారు. మనిషిని, మంటను నీళ్ళలో ఉంచే బదులు, పైపు చుట్టూ ఉన్న నీళ్ళనే బయటికి నెట్టేశారు. పైపు మీద ఓ పెద్ద పెట్టెలాంటి గదిని బిగిస్తారు. దాని అడుగుభాగం తెరిచే ఉంటుంది. ఆ లోతులో నీటికి ఎంత ఒత్తిడి ఉందో అంతే ఒత్తిడితో గ్యాస్ నింపుతారు. ఖాళీ గ్లాసును బోర్లించి బకెట్‌లో ముంచితే లోపలికి నీళ్ళు రానట్టే, ఆ గదిలోకీ నీళ్ళు రావు. డైవర్ అందులో పొడిగా నిలబడి, ఒడ్డు మీద చేసినట్టే వెల్డింగ్ చేస్తాడు. దీన్నే హైపర్‌బేరిక్ వెల్డింగ్ అంటారు.

పైపు మరమ్మతు మొత్తం ఎలా జరుగుతుందో ఇప్పుడు సులువుగా చెప్పుకోవచ్చు. ముందు రెండు వైపులా వాల్వులు మూసి, దెబ్బ ఎంతవరకు ఉందో కెమెరాలతో చూస్తారు. పైపు మీది మట్టిని, పై పూతగా ఉన్న కాంక్రీటును తీసేస్తారు. దెబ్బతిన్న ముక్కను కోసి పైకి తెస్తారు. పెద్ద ఇనుప చట్రాలతో పైపు రెండు కొసల్నీ పైకెత్తి వరసలోకి తెస్తారు. కొత్త ముక్కను పెట్టి వెల్డింగ్‌తో గానీ, బోల్టులతో బిగించే కప్లింగులతో గానీ కలుపుతారు. చివరికి లోపలి నీళ్ళను తోడేసి, ఆరబెట్టి, ఒత్తిడి పరీక్ష చేసి గ్యాస్ వదులుతారు. దెబ్బ చిన్నదైతే కోసే పని లేకుండా, రెండు దోనెల్లాంటి ముక్కల్ని చుట్టూ బిగించే క్లాంపుతో సరిపెడతారు.

చదవడానికి నాలుగు వాక్యాలే. ఈ పనికి కావాల్సిన ఓడ ఖాళీగా ఉండాలి, ఆ సైజు పైపు ముక్క గోదాములో ఉండాలి, సముద్రం శాంతంగా ఉండాలి. బాల్టిక్ కనెక్టర్‌కు ఆరు నెలలకు పైగా పట్టిందంటే అది నడి చలికాలపు పని కూడా అని గుర్తుంచుకోవాలి.

లోతులో మనిషి బతుకు

ప్రతి పది మీటర్ల లోతుకూ మనిషి మీద ఒక వాతావరణం అంత ఒత్తిడి అదనంగా పడుతుంది. లోతులో ఎక్కువసేపు ఉండి వెంటనే పైకి వస్తే రక్తంలో కరిగిన గ్యాస్ బుడగలుగా మారుతుంది. సోడా సీసా మూత తీస్తే పొంగినట్టే. కీళ్ళ నొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా, ప్రాణం పోవడం దాకా వస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చింది శాచురేషన్ డైవింగ్. ఓడ మీదనే ఒత్తిడి నింపిన ఇనుప గదుల్లో డైవర్లు వారాల తరబడి ఉంటారు. హీలియం కలిపిన గాలి పీలుస్తారు. గంటలాంటి క్యాప్సూల్‌లో కిందికి దిగి పని చేసి, మళ్ళీ ఆ గదిలోకే వస్తారు. పని అయిపోయాక రోజుల తరబడి మెల్లమెల్లగా ఒత్తిడి తగ్గిస్తారు. సుమారుగా ప్రతి 30 మీటర్లకు ఒక రోజు లెక్క. భార్యాబిడ్డలకు జబ్బు చేసిందని తెలిసినా ఆ తలుపు తీసుకుని బయటికి రాలేరు.

ఈ పద్ధతి ఖరీదును మనుషులే కట్టారు. 1983 నవంబరు 5న ఉత్తర సముద్రంలో నార్వే వైపున బైఫోర్డ్ డాల్ఫిన్ అనే రిగ్గు మీద, ఒత్తిడి ఇంకా తగ్గకముందే గదికీ గంటకీ మధ్య బిగింపు ఊడిపోయింది. ఐదుగురు ఆ క్షణంలోనే చనిపోయారు. బతికి ఇంటికొచ్చిన పాత డైవర్లలో చాలామందిని నరాల జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు పట్టుకున్నాయి.

వాళ్ళలో కొందరు నార్వే ప్రభుత్వం మీద కేసు వేశారు. చివరికి అది స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు చేరింది. 2013 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ప్రతి కార్మిక కుటుంబం తెలుసుకోదగ్గది. డైవర్‌ను ఎంత వేగంగా పైకి తేవచ్చో చెప్పే పట్టికలను కంపెనీలు వ్యాపార రహస్యంగా దాచుకున్నాయి. ఎంత త్వరగా పైకి తెస్తే వాళ్ళకు అంత ఖర్చు కలిసొచ్చేది. ఆ పట్టికల్లోని ప్రమాదం గురించి తెలుసుకునే వీలు డైవర్లకు కల్పించాల్సింది ప్రభుత్వమేననీ, ఆ పని అది చేయలేదనీ కోర్టు తప్పు పట్టింది. ప్రాణానికి ఉన్న ముప్పు ఎంతో ముందుగా తెలుసుకోవడం కార్మికుడి హక్కు అని ఈ తీర్పు సారాంశం.

మనిషి దిగకుండా మరమ్మతు

నార్వే అక్కడితో ఆగలేదు. ఆ దేశపు చమురు కంపెనీ 1987 నుంచే పైపు మరమ్మతు పరికరాలన్నీ ఒకచోట సిద్ధంగా ఉంచే ఏర్పాటు చేసింది. ఇవాళ ఈక్వినార్ పేరుతో ఉన్నది ఆ కంపెనీయే. హౌగెసుండ్ పట్టణం దగ్గరున్న కిల్లింగోయ్‌లో ఆ గోదాము ఉంది. పైపులైన్లు ఉన్న కంపెనీలు కొన్ని కలిసి దాని ఖర్చు పంచుకుంటాయి. ఇది ఒక రకంగా చందాతో నడిచే అగ్నిమాపక కేంద్రం లాంటిది. మంట లేనప్పుడు దండగ ఖర్చులా కనిపిస్తుంది, మంట లేచిన రోజున విలువ తెలుస్తుంది.

ఆ పరికరాలతోనే 2012లో ఆస్‌గార్డ్ క్షేత్రంలో 265 మీటర్ల లోతున ఓ పెద్ద పని చేశారు. గ్యాస్ పారుతున్న పైపు ఆగకుండానే, దానికి కొత్త కొమ్మను వెల్డింగ్‌తో అతికించి చిల్లు పెట్టారు. ఒక్క మనిషి కూడా నీళ్ళలోకి దిగలేదు. అన్నీ ఓడ మీద కూర్చుని తెరలు చూస్తూ నడిపించారు. 1932లో ఖ్రెనోవ్ వెలిగించిన మంట సరిగ్గా ఎనభై ఏళ్ళకు మనిషి చేయి లేకుండానే వెలిగింది.

నేను బీకాం చదివిన మనిషిని కాబట్టి ఇక్కడ లెక్క కోణం నుంచి ఒక మాట చెప్పాలి. ఈ యంత్రాలు మనుషుల మీద జాలితో మాత్రమే రాలేదు. నార్వే సముద్రం లోతు. ఒక హద్దు దాటితే డైవర్‌ను దింపడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు, ఒంటికీ సాధ్యం కాదు. యంత్రం తప్ప ఇంకో దారి లేదు కాబట్టి యంత్రం మీద డబ్బు పెట్టారు. మరి లోతు తక్కువగా ఉన్న సముద్రాల్లో? అక్కడ మనిషి దిగగలడు. యంత్రం అద్దె కన్నా మనిషి కూలి తక్కువ. కాబట్టి మనిషే దిగుతున్నాడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ట్రినిడాడ్‌లో ఏం జరిగింది?

కరీబియన్ దీవుల్లో ట్రినిడాడ్ ఒకటి. మన దేశం నుంచి బ్రిటిష్‌వాళ్ళు ఒప్పంద కూలీలుగా తీసుకెళ్ళినవారి సంతతి అక్కడ పెద్ద సంఖ్యలో ఉంది. ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 25, శుక్రవారం మధ్యాహ్నం. పాయింట్-ఎ-పియెర్ రేవులో పారియా అనే ప్రభుత్వరంగ ఇంధన సంస్థకు చెందిన 30 అంగుళాల పైపు దగ్గర ఐదుగురు డైవర్లు మరమ్మతు పనిలో ఉన్నారు. పైన చెప్పుకున్నట్టే, నీళ్ళు నెట్టేసిన గదిలో పని. పైపులో అడ్డంగా పెట్టిన ప్లగ్గు తీయగానే గదిలోని గాలి, నీళ్ళు, మనుషులు అందరూ ఒక్కసారిగా పైపులోకి లాగబడ్డారు.

కారణం పైపు లోపల ఏర్పడిన ఖాళీ. అంతకుముందు పైపులోని సరుకును తోడేశారు. ఇటు గదిలో ఒత్తిడి ఎక్కువ, అటు పైపులో తక్కువ. ఈ తేడా ఎంత బలమైనదో ఓ చిన్న లెక్క చూద్దాం. పది మీటర్ల లోతు ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. 30 అంగుళాల పైపు నోటి వైశాల్యం దాదాపు 4,500 చదరపు సెంటీమీటర్లు. అంటే నాలుగు టన్నులకు పైగా బలం ఆ నోటి దగ్గర లాగుతుంది. ఏ మనిషి ఆగగలడు?

ఐదుగురిలో ఒకరు చీకట్లో, నూనెలో పాకుతూ గంటల తర్వాత బయటపడ్డారు. మిగతావాళ్ళు లోపల ప్రాణాలతో ఉన్నారని చెప్పారు. బయటున్న తోటి డైవర్లు దిగుతామన్నారు. ప్రమాదం అంటూ కంపెనీ వాళ్ళను దిగనివ్వలేదు. తానూ కాపాడే ప్రయత్నం చేయలేదు. నలుగురు చనిపోయారు. విచారణ కమిషన్ నివేదిక 2024 జనవరిలో బయటికొచ్చింది. ఈ ఒత్తిడి తేడా ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయలేదని, కాపాడే అవకాశాన్ని వదిలేశారని తేల్చి, సంస్థపై కార్పొరేట్ నరహత్య కేసు పెట్టే విషయం చూడాలని సిఫారసు చేసింది.

గమనించండి. అక్కడ పరికరం పనిచేయక ఎవరూ చనిపోలేదు. గది ఉంది, గాలి ఉంది, ప్లగ్గు ఉంది. పైపులో ఏముందో దిగేవాళ్ళకు సరిగ్గా చెప్పలేదు. ప్రమాదం జరిగితే ఎవరు, ఎలా కాపాడాలో ముందుగా రాసిపెట్టుకోలేదు. నార్వే డైవర్లు కోర్టులో అడిగిందీ ఈ సమాచారం గురించే. ముప్పై, నలభై ఏళ్ళ కిందటి ఉత్తర సముద్రంలోనూ, నిన్నమొన్నటి ట్రినిడాడ్‌లోనూ జబ్బు ఒక్కటే.

మన తీరం, మన గల్ఫ్

మన దగ్గరికొద్దాం. 1974లో చమురు దొరికిన ముంబై హైలో సముద్రం లోతు సుమారు 75 మీటర్లు. అంటే డైవర్లు దిగగలిగే లోతే. 2005 జూలై 27న అక్కడ సముద్ర సురక్ష అనే సహాయక ఓడ ప్లాట్‌ఫామ్‌ను గుద్దడంతో గ్యాస్ పైకి తెచ్చే పైపు పగిలి మంటలు లేచాయి. 22 మంది పోయారు. ఆ ఓడలోనే శాచురేషన్ గదుల్లో ఆరుగురు డైవర్లు ఉన్నారు. ఓడ వదిలి అందరూ వెళ్ళిపోయినా, ఒత్తిడి వల్ల వాళ్ళు గది తలుపు తీసుకుని రాలేకపోయారు. ఒకటిన్నర రోజు తర్వాత వాళ్ళను ప్రాణాలతో కాపాడగలిగారు.

మన కాకినాడ తీరంలో పరిస్థితి వేరు. 2009 నుంచి గ్యాస్ ఇస్తున్న కేజీ-డి6, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ చమురు మొదలుపెట్టిన 98/2 బ్లాకు, రెండూ లోతైన నీళ్ళలోనివి. అక్కడ అడుగున పని యంత్రాలదే. ఆ పైపులు ఒడ్డుకు వచ్చేకొద్దీ లోతు తగ్గుతుంది. అక్కడ మళ్ళీ మనుషుల అవసరం వస్తుంది. పైపు నిర్లక్ష్యం ఖరీదు ఎంతో కోనసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో భూమి మీది గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

ఇక గల్ఫ్. ఆ సముద్రం సగటు లోతు దాదాపు 35 మీటర్లే. మహా అయితే 90 మీటర్లు. సౌదీలోని సఫానియా, అబూదాబీలోని జకుమ్, ఖతర్‌లోని నార్త్ ఫీల్డ్, అన్నీ ఈ లోతులేని నీళ్ళలోవే. వేల కిలోమీటర్ల పైపులు అడుగున ఉన్నాయి. నేను పైన చెప్పిన లెక్క ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది. లోతు తక్కువ, మనిషి చవక. పాత పైపులకు మరమ్మతులు ఏటా పెరిగేవే కానీ తగ్గేవి కావు. ఈ పనులు పెద్ద కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, అతని నుంచి సబ్ కాంట్రాక్టరుకు జారతాయి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఖర్చు కోయడం మొదలవుతుంది. ఆ కోత ఎక్కువగా పడేది భద్రత మీదే.

సంతకం పెట్టే ముందు

అండర్ వాటర్ వెల్డర్‌కు లక్షల్లో జీతం అంటూ ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. హలాల్ రోజీ కోసం దూరదేశం వెళ్ళడంలో తప్పు లేదు. కష్టపడి నేర్చుకుని ఈ వృత్తిలో గౌరవంగా బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. వెళ్ళేవాళ్ళు, పంపే తల్లిదండ్రులు కొన్ని విషయాలు మాత్రం తప్పక అడగాలి.

మొదటిది, ఒడ్డు మీది వెల్డింగ్ సర్టిఫికెట్ నీళ్ళలో చెల్లదు. ఈ పనిలో మనిషి ముందు డైవర్, తర్వాతే వెల్డర్. ఐఎమ్‌సీఏ గుర్తించే కమర్షియల్ డైవింగ్ శిక్షణ లేకుండా, అక్కడికెళ్ళాక నేర్పిస్తామని ఏజెంటు చెబితే ఆ మాట నమ్మకండి.

రెండోది, పని జరిగే చోట రీకంప్రెషన్ చాంబర్ ఉందా? పైకి వచ్చిన డైవర్‌కు నొప్పులొస్తే వెంటనే పెట్టాల్సిన గది అది. ఎక్కడో ఆసుపత్రిలో ఉందంటే సరిపోదు.

మూడోది, పైపుకు రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉందని ఎవరు రాసిస్తారు? వాల్వులకు తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గర పెడతారు? ఈ కాగితం చూపించమని అడిగే హక్కు దిగేవాడికి ఉండాలి. చూపించకపోతే దిగనని చెప్పే ధైర్యమూ ఉండాలి.

నాలుగోది, కాంట్రాక్టులో ఉన్న పని పేరు ఏమిటి? ఫిట్టర్ అని రాసి డైవింగ్ చేయిస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ ఒక్క మాటనే. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షల రూపాయలు వస్తాయి. ఇది అందరికీ ఉండే సాధారణ రక్షణ మాత్రమే. డైవింగ్ లాంటి పనికి యజమాని వేరుగా బీమా చేయించాడా అని అడగాలి. పాలసీ కాగితం నకలు ఇంట్లో పెట్టి వెళ్ళాలి.

ఐదోది, ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. ఒక్క ఫోను చేసి అడిగితే పోయేదేం లేదు.

ఈ ఐదు ప్రశ్నల్లో ఏ ఒక్కటీ ఇంజినీరింగ్ చదివినవాళ్ళే అడగాల్సింది కాదు. జుమా తర్వాత మసీదు ఆవరణలో, ఐటీఐల్లో, వెల్డింగ్ షాపుల్లో ఈ మాటలు నడవాలి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పెద్దలు తమకు తెలిసింది కుర్రాళ్ళకు చెప్పాలి. ప్రభుత్వాలు కూడా గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాలు మాట్లాడేటప్పుడు ఇంటిపని, భవన నిర్మాణం గురించి మాట్లాడినట్టే సముద్రంలో పనిచేసేవారి గురించి కూడా విడిగా మాట్లాడాలి. దిగే ముందు ప్రమాదం వివరాలు కార్మికుడికి, అతనికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలన్న ఒక్క షరతు చేర్చినా చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఉర్దూలోనో తెలుగులోనో ఒక పేజీ అచ్చు వేయడానికి ఏ చమురు కంపెనీ దివాలా తీయదు.